ఎవరబ్బాయివి?

ఊళ్లో కొత్త కుర్రాడు కనిపిస్తే అరుగుమీది పెద్దాయన అడిగే మొదటి ప్రశ్న ఇది. అందులో ఆప్యాయత ఉంటుంది. అదే ప్రశ్న అర్ధరాత్రి ఖాకీ చొక్కా అడిగితే..? జవాబుని బట్టి కొందరు ఇంటికెళతారు. కొందరు స్టేషన్‌కెళతారు!

ఒక్కసారి ఊహించుకోండి. గుంటూరులో ఇంజినీరింగ్ చదివే ఇద్దరు స్నేహితులు పండక్కి బయల్దేరారు. శావల్యాపురం స్టేషన్‌లో రైలు దిగేసరికి రాత్రి పదకొండు దాటింది. ఆటోల్లేవు. బ్యాగులు భుజాన వేసుకుని కబుర్లు చెప్పుకుంటూ రోడ్డెక్కారు. గస్తీ జీపు వచ్చి పక్కన ఆగింది.

'ఎవర్రా మీరు? ఎవరబ్బాయివి?'

మొదటివాడు నాన్న పేరు చెప్పాడు. 'ఓ... ఆయన కొడుకువా! ఇంత పొద్దుపోయి తిరగమాక. బేగి ఇంటికి పో' అన్నారు. రెండోవాడూ నాన్న పేరు చెప్పాడు. కాలనీ పేరు అడిగితే అదీ చెప్పాడు. 'ఎరుకలోళ్లా? బ్యాగ్ తియ్. ఆ ఫోన్ ఎవరిది? బిల్లుందా?' అక్కణ్నుంచి ప్రశ్నలు ఆగలేదు.

ఒకే కాలేజీ, ఒకే రైలు, ఒకేలాంటి బ్యాగు. తేడా ఎక్కడొచ్చింది?

ఈ కుర్రాళ్లిద్దరూ కల్పితమే. కానీ రెండోవాడికి ఎదురైన ప్రశ్నకు మాత్రం నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో మన గుంటూరు జిల్లాకీ, పల్నాడుకీ పెద్ద భాగమే ఉంది.

ఉప్పు మోసిన చేతులు

ఎరుకలవాళ్లు అనగానే మనకి సోది చెప్పే ఎరుకలసాని గుర్తొస్తుంది. బుట్టలల్లే చేతులు గుర్తొస్తాయి. పాత పోలీసు పుస్తకాలు తిరగేస్తే మాత్రం కనిపించేది 'దొంగలు' అన్న ఒక్కమాటే. వీటన్నిటికంటే ముందు వాళ్లకి ఇంకో బతుకుంది. వాళ్లు వర్తకులు! సముద్రం ఒడ్డున ఉప్పు కొని, ఎద్దులమీదా గాడిదలమీదా వేసుకుని మెట్ట ఊళ్లకి చేరవేసేవాళ్లు. తిరుగు ప్రయాణంలో ధాన్యం తీసుకెళ్లేవాళ్లు. బండి వెళ్లలేని ఊరికి కూడా వాళ్ల ఎద్దు వెళ్లేది. అంటే మన ముత్తాతల కూరలో ఉప్పు చాలావరకూ వాళ్లు మోసుకొచ్చిందే అన్నమాట.

పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఆ బతుకు మీద వరసగా దెబ్బలు పడ్డాయి. ఉప్పు వ్యాపారాన్ని సర్కారు తన గుప్పిట్లో పెట్టుకుంది. అడవి చట్టాలు వచ్చి వెదురు ముట్టనివ్వలేదు, పశువుల్ని మేపుకోనివ్వలేదు. 1876-78ల నాటి ధాత కరువు ఎద్దుల్నీ మనుషుల్నీ కలిపి మింగేసింది. ఇక రైలు సంగతి చెప్పాలా! కంభం, వినుకొండల మీదుగా కృష్ణ ఒడ్డుకి పట్టాలు పడ్డాక, ఎద్దు రోజుల తరబడి మోసే సరుకు ఒక్క పూటలో వచ్చి పడింది. ఇందాక మన కుర్రాళ్లు దిగిన శావల్యాపురం స్టేషన్ ఉన్నది ఆ దారిలోనే. తాతల వ్యాపారాన్ని తీసుకెళ్లిపోయిన రైలు, మనవడు దిగితే అనుమానించే చోటయింది!

చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 'డిజానర్డ్ బై హిస్టరీ' అనే పుస్తకం రాశారు. 2001లో వచ్చింది. ఒక వర్తక సమాజాన్ని బతుకుతెరువు లేకుండా చేసి, ఆ తర్వాత అదే సమాజాన్ని 'పుట్టుకతో నేరస్థులు' అని ఎలా పేరు పెట్టారో మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డుల ఆధారంగా ఆమె వివరించారు.

రాత్రి హాజరు

ఆ పేరు పెట్టింది ఊళ్లో జనం కాదు, చట్టం. 1871 అక్టోబరులో బ్రిటిష్ ప్రభుత్వం 'క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్' తెచ్చింది. మొదట ఉత్తరాదిన మొదలుపెట్టి, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. మామూలు చట్టం ఏం చేస్తుంది? నేరం జరిగాక, చేసినవాణ్ని పట్టుకుని, రుజువు చేసి శిక్షిస్తుంది. ఈ చట్టానికి అవేమీ అక్కర్లేదు. ఫలానా తెగ నేరస్థ తెగ అని గెజిట్‌లో వేస్తే చాలు. ఆ ప్రకటన తప్పని కోర్టుకెళ్లడానికి కూడా వీల్లేకుండా రాసుకున్నారు.

అలా గెజిట్‌కెక్కిన తెగలోవాళ్ల పేర్లు రిజిస్టరులో రాసేవాళ్లు. వేలిముద్రలు తీసుకునేవాళ్లు. పక్క ఊరికి చుట్టపుచూపుగా వెళ్లాలన్నా పాసు చూపించాలి. రాత్రిళ్లు హాజరు పలకాలి. 1897లో చేసిన సవరణ ఇంకా ఘోరం. నాలుగేళ్లు దాటిన పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే చోట ఉంచడానికి అది వీలు కల్పించింది. నాలుగేళ్ల పిల్లాడు! ఇంకా తల్లి చేతిముద్దే తింటుంటాడు.

మన ప్రాంతంలో ఎరుకలవాళ్లతోపాటు యానాదులు, సుగాలీలు, నక్కలవాళ్లు, దొమ్మరులు... ఒక్కో జిల్లాలో ఒక్కో తెగ ఈ జాబితాలోకి ఎక్కింది. 'దొంగ దాసరి' అనే పేరైతే మరీ విచిత్రం. కులం పేరులోనే దొంగ అని రాసేశాక పసివాడికి ఇక వేరే సాక్ష్యం ఎందుకు?

ఇలా పేర్లెక్కిన వాళ్లని తెచ్చి పెట్టడానికి సెటిల్‌మెంట్లు వెలిశాయి. 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో బాపట్ల దగ్గర ఏర్పడిన స్టువర్టుపురం వాటిలో ఒకటి. అప్పటి మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరే ఆ ఊరి పేరు. సీతానగరంలోనూ సెటిల్‌మెంట్ పెట్టారు. స్టువర్టుపురం వాళ్లని చీరాల ఐఎల్‌టీడీ పొగాకు ఫ్యాక్టరీలో పనికి పెట్టారు. సంస్కరణ అన్నారు గానీ, ఫ్యాక్టరీకి ఎటూ పోలేని కూలీలు దొరికారన్నది కూడా నిజమే.

1947లో మద్రాసు రాష్ట్రం ఆ చట్టాన్ని ఎత్తేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. నెల్లూరు యానాదుల కోసం జీవితమంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్యలాంటివాళ్లు దానికోసం ఏళ్లతరబడి పోరాడారు. అప్పట్నుంచీ ఈ తెగల్ని 'విముక్త జాతులు' అంటున్నారు. ఏటా ఆగస్టు 31ని విముక్త దినంగా జరుపుకుంటారు. కానీ... మద్రాసులో పాత చట్టం పోయిన మరుసటి ఏడాదే, 1948లో, 'అలవాటుపడ్డ నేరస్థుల' చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటిదే 1962లో చేశారు. కాగితం మీద ఈ కొత్త చట్టాలు తెగని కాదు, పదేపదే శిక్షపడిన మనిషిని చూస్తాయి. అది మంచి మార్పే. కాకపోతే రిజిస్టర్లు రాసే చేతులు, వెతికే కాలనీలు రాత్రికి రాత్రి మారిపోవు కదా! 2007లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ కూడా ఈ అలవాటు నేరస్థుల చట్టాల్ని రద్దు చేయమని భారత్‌కి సూచించింది.

వినుకొండ ఆడపడుచు

శావల్యాపురానికి పక్కనే వినుకొండ. 1895లో గుర్రం జాషువా పుట్టిన ఊరు. పుట్టుక కారణంగా బడిలోనూ, ఊళ్లోనూ, సభల్లోనూ అవమానాలు పడ్డ కవి ఆయన. ఆయన కూతురు హేమలత. నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణాన్ని పెళ్లాడి హేమలతా లవణం అయ్యారు.

జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో, 1974లో, ఈ దంపతులు స్టువర్టుపురంలో అడుగుపెట్టారు. పోలీసులు తప్ప బయటివాళ్లెవరూ మామూలుగా తొక్కని గడప అది. ఊళ్లో దొంగతనాలు వృత్తిగా ఉన్నవాళ్లు లేరా? ఉన్నారు. ఆ సంగతి ఎవరూ దాచలేదు. కానీ వాళ్ల పక్కింట్లో కూలికెళ్లి బతికేవాళ్లూ ఉన్నారు, బడికెళ్లే పిల్లలూ ఉన్నారు. లాఠీకి ఆ తేడా తెలియదు. హేమలత ఇళ్లలోకి వెళ్లి ఆడవాళ్లతో కూర్చున్నారు. పిల్లల చదువు సంగతి పట్టించుకున్నారు. తర్వాత 'సంస్కార్' పేరుతో ఆ పని సాగింది. నెల్లూరు జిల్లా కప్పరాళ్లతిప్పకీ వెళ్లింది. హేమలత 2008లో, లవణం 2015లో కన్నుమూశారు.

'నేరస్థుల సంస్కరణ' అని మనం ఆ కృషికి పేరు పెట్టుకున్నాం. నాకైతే ఆ పేరు సగమే సరిపోయిందనిపిస్తుంది. మారాల్సింది ఆ ఊరివాళ్లు మాత్రమేనా? ఊరి పేరు వినగానే జేబు తడుముకునే మనం కూడా కదా!

'కేడీ' అంటే ఏంటో తెలుసా?

అల్లరి చేసే పిల్లాణ్ని అమ్మ ముద్దుగా 'కేడీ వెధవా' అంటుంది. అది పోలీసు స్టేషన్ నుంచి మన వంటింట్లోకి వచ్చిన మాట! 'నోన్ డెప్రడేటర్'... అంటే దోపిడీలకు పేరుమోసినవాడు అని పోలీసు భాష. దాన్ని పొట్టిగా కేడీ అన్నారు. కేడీ షీటు, అనుమానితుల షీటు, రౌడీ షీటు... ఇలా స్టేషన్‌లో రకరకాల చిట్టాలు ఉంటాయి. నేరం చేసినవాడి చిట్టా పోలీసు దగ్గర ఉండాల్సిందే. లేకపోతే వాళ్లు దొంగని ఎలా పడతారు? చిక్కల్లా ఆ చిట్టా మనిషిని దాటి అతని కొడుకు మీదికీ, తమ్ముడి మీదికీ, వీధి మీదికీ పాకినప్పుడే.

ఈ పాకడానికి సినిమాలు తలో చెయ్యీ వేశాయి. స్టువర్టుపురం పేరు పెట్టుకుని 1991లోనే రెండు సినిమాలొచ్చాయి. ఒకటి పోలీస్‌స్టేషన్ అంటే, ఇంకోటి ఏకంగా దొంగలు అంది. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చినప్పుడు, టీజర్ తమని కించపరిచేలా ఉందంటూ వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. పత్రికలూ తక్కువేం తినలేదు. ఎక్కడ తాళం పగిలినా 'స్టువర్టుపురం ముఠా పనేనా?' అని శీర్షిక పెట్టడం ఎంత తేలిక!

అదే ఊరి కుర్రాడు రాగాల వెంకట రాహుల్. 2014లో యూత్ ఒలింపిక్స్‌లో రజతం, 2018లో ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో స్వర్ణం తెచ్చాడు. మొత్తం 338 కిలోలు ఎత్తాడు. ఆ సంబరంలోనూ ఊరి పాత పేరు తవ్వి తియ్యకుండా ఉండలేకపోయినవాళ్లున్నారు. బరువులెత్తడం కంటే ఆ పేరు మోయడమే కష్టమేమో!

అహ్మదాబాద్ కుర్రాళ్లు ఏం చేశారంటే...

ఇది మన ఒక్క ఊరి కథ కాదు. మరాఠీ రచయిత లక్ష్మణ్ గైక్వాడ్ తన ఆత్మకథ 'ఉచల్యా'లో చిన్నప్పుడు ఇంటి మీద పడ్డ పోలీసు దాడుల్ని రాశారు. 1988లో దానికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 'జై భీమ్' సినిమా చాలా ఇళ్లలో అందరూ కూర్చుని చూసే ఉంటారు. దానికి మూలం 1993లో తమిళనాడు కడలూరు జిల్లాలో పోలీసుల చేతుల్లో జరిగిన మరణం. న్యాయవాదిగా పోరాడింది తర్వాత హైకోర్టు న్యాయమూర్తి అయిన చంద్రు. చనిపోయిన మనిషిది కురవర్ తెగ. మన ఎరుకలవాళ్లకి దగ్గరి చుట్టాలే.

1998 ఫిబ్రవరిలో పశ్చిమబెంగాల్ పురూలియాలో బుధన్ శబర్ అనే యువకుణ్ని పోలీసులు పట్టుకెళ్లారు. మళ్లీ ఇంటికి రాలేదు. మహాశ్వేతాదేవి, గణేశ్ దేవీ లాంటి రచయితలు కదిలారు. కేసు కలకత్తా హైకోర్టుకి వెళ్లింది. కోర్టు దర్యాప్తుకీ, పరిహారానికీ ఆదేశించింది. ఆ వార్త అహ్మదాబాద్‌లోని ఛారానగర్‌కి చేరింది. ఛారాలదీ విముక్త జాతే. అక్కడి యువకులకి బెంగాల్ ఎక్కడో తెలియకపోయినా బుధన్ బాధ బాగా తెలుసు. ఆ ఏడాదే అతని కథని నాటకంగా వేశారు. అలా పుట్టిందే 'బుధన్ థియేటర్'. పోలీసులంటే పారిపోయే వీధి కుర్రాళ్లు పోలీసు వేషం కట్టి, తమ కథ తామే చెప్పారు. ఆ నాటకాల్లోంచి కళాకారులు, సినిమా దర్శకులు, విలేకరులు తయారయ్యారు.

అయినా 2018 జులై 26 రాత్రి ఏం జరిగింది? ఒక పోలీసు అధికారితో గొడవ జరిగిందంటూ ఛారానగర్ మీద పెద్ద ఎత్తున పోలీసులు విరుచుకుపడ్డారు. ఇళ్ల తలుపులు, వాహనాలు పగిలాయి. చాలామందిని అరెస్టు చేశారు. వాళ్లలో చదువుకున్నవాళ్లూ, ఉద్యోగాలు చేసుకునేవాళ్లూ ఉన్నారు. 'చదువుకుంటే అంతా సర్దుకుంటుంది' అని మనం తేలిగ్గా అంటుంటాం. ఆ రాత్రి డిగ్రీ పట్టా ఎవరినీ కాపాడలేదు.

అమెరికాలో మనవాణ్ని ఆపితే...

న్యూయార్క్ పోలీసులు రోడ్డు మీద కుర్రాళ్లని ఆపి తడిమి చూసే పద్ధతి ఒకటుండేది. 2011 ఒక్క ఏడాదిలోనే 6 లక్షల 85 వేల సార్లు ఆపారు. ఆగినవాళ్లలో అత్యధికులు నల్లవాళ్లు, లాటినోలు. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఏ తప్పూ చేయనివాళ్లు! ఆ పద్ధతిని అమలు చేస్తున్న తీరు రాజ్యాంగవిరుద్ధమని 2013 ఆగస్టులో ఫెడరల్ కోర్టు తేల్చింది. 2015లో అలబామాలో కొడుకింటికి వెళ్లిన గుజరాతీ తాత ఒకాయన ఫుట్‌పాత్ మీద నడుస్తుంటే, ఎవరో అనుమానంతో ఫోన్ చేశారని పోలీసు వచ్చి నేలకేసి కొట్టాడు. మనందరం ఎంత మండిపడ్డాం! రంగు చూసి మనిషిని అనుమానిస్తారా అన్నాం. నిజమే, అనకూడదా మరి.

ఆ పిల్లలు పంపే డాలర్లతో కట్టిన డాబా ముందు కొత్త ముఖం కనిపిస్తే? పాతసామాన్ల బండి తోసుకొచ్చే కుర్రాణ్నో, దుప్పట్లమ్ముకునే పిల్లాణ్నో చూసి 'ఏ కులమో కనుక్కోండి, ఫోటో తీసి గ్రూపులో పెట్టండి' అనేది కూడా మనమే. పోలీసుకి ఫోన్ వెళ్లేది చాలాసార్లు మన ఇంటి నుంచే. అక్కడ రంగు, ఇక్కడ కాలనీ పేరు. అంతే తేడా.

కోర్టులు ఏమన్నాయి?

2024లో సుప్రీంకోర్టు రెండు తీర్పులిచ్చింది. ఇళ్లలో పిల్లలున్న ప్రతివాళ్లూ తెలుసుకోవాల్సినవి.

మొదటిది మే 7న, ఢిల్లీ ఎమ్మెల్యే అమానతుల్లాఖాన్ కేసులో. హిస్టరీ షీట్ల గురించి. వెనుకబడిన, దళిత, గిరిజన వర్గాలకు చెందినవాళ్లన్న కారణంతో అమాయకుల పేర్లు యాంత్రికంగా ఆ చిట్టాల్లోకి ఎక్కించకూడదని కోర్టు చెప్పింది. విముక్త జాతుల విషయంలో ముందే ఏర్పడిపోయిన అభిప్రాయాల్ని ప్రత్యేకంగా ప్రస్తావించింది. చిట్టాలో ఉన్న మనిషి మైనర్ పిల్లలు, తమ్ముళ్లు, చెల్లెళ్ల వివరాలు, వాళ్లు అతనికి ఆశ్రయమిచ్చారనే ఆధారం ఉంటే తప్ప, రాయకూడదంది. ఆ కేసు ఢిల్లీదే అయినా, మిగతా రాష్ట్రాలు కూడా ఇలాంటి నియమాల్ని పరిశీలించాలని సూచించింది.

రెండోది అక్టోబరు 3న వచ్చింది. జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచుతున్నారంటూ విలేకరి సుకన్యా శాంత వేసిన కేసు. ఆంధ్రప్రదేశ్‌తో సహా అనేక రాష్ట్రాల జైలు నిబంధనల్లో 'సంచార తెగలు', 'నేర ప్రవృత్తి' లాంటి మాటలు అప్పటికింకా మిగిలే ఉన్నాయి. చట్టం పోయి 72 ఏళ్లయినా! అలాంటివి చెల్లవని జస్టిస్ చంద్రచూడ్ నాయకత్వంలోని ధర్మాసనం తీర్పు చెప్పింది. మూడు నెలల్లో నిబంధనలు మార్చమంది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. విముక్త జాతులవాళ్లని ఇష్టారాజ్యంగా అరెస్టు చేయకుండా పోలీసులు పాత మార్గదర్శకాల్ని కచ్చితంగా పాటించాలంది. ఒక సమాజాన్ని మొత్తంగా నేరస్థులనడం అప్పుడూ ఇప్పుడూ తప్పే అంది.

తీర్పు ఢిల్లీ నుంచి ఊరి స్టేషన్ దాకా రావడానికి టైము పడుతుంది. జీపు ఆగిన రాత్రి కుర్రాడి చేతిలో తీర్పు కాపీ ఉండదు కదా. కాబట్టి కొన్ని విషయాలు నోటికి ఉంటే మంచిది. పోలీసు ఆపి పేరు, ఊరు అడిగితే మర్యాదగా చెప్పాలి. గొడవ పెట్టుకోవద్దు, పరుగెత్తొద్దు. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకి కబురు పెట్టాలి, 24 గంటల్లోగా మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఇవి మన హక్కులు, వాళ్ల దయ కాదు. ఏడేళ్లలోపు శిక్షపడే కేసుల్లో చాలావరకూ అరెస్టు బదులు నోటీసిచ్చి పిలవాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని లాకప్‌లో పెట్టడానికి అసలు వీల్లేదు. జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకే తీసుకెళ్లాలి.

లాయరుకి డబ్బుల్లేవని వెనకాడక్కర్లేదు. ఎరుకల, యానాది, సుగాలి... ఈ మూడూ మన రాష్ట్రంలో షెడ్యూల్డు తెగలే. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని పెడుతుంది. వినుకొండ, నరసరావుపేట కోర్టుల్లో అడగొచ్చు. రాత్రివేళైతే ముందు 15100కి ఫోన్ చేయండి.